దుకాణము మూసిన మరునాడు: మద్య వ్యసనమునకు ఆసుపత్రి చికిత్స

గ్రామములోని మద్యపు దుకాణమును మూయింపవలెనని స్త్రీలు పంచాయతీ కార్యాలయమునకు తరలివచ్చుట మనకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున అక్షరములు నేర్చిన స్త్రీలు 1992 ప్రాంతమున సారా అమ్మకమును ఎదిరించి నిలిచిరి. ఆ ఉద్యమము జిల్లాజిల్లాకు వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడుటకు దారితీసెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలింపబడినది. ఈ చరిత్ర మనకు గర్వకారణమే. కాని నాటినుండి నేటివరకు మనము తగినంతగా ఆలోచింపని ప్రశ్న యొకటి కలదు. దుకాణము మూసిన మరునాడు, ఇరువది యేండ్లుగా ప్రతిదినము త్రాగుచున్న మనిషి గతి యేమి?

మంచి సంకల్పముతో పంచాయతీ చేసిన పని ఏ కుటుంబమునకును కీడు కాకుండవలెనన్నచో, ఈ ప్రశ్నకు సమాధానమును సభ్యులు ముందుగా తెలిసికొనవలెను.

హఠాత్తుగా మానినచో ఏమగును?

మద్యము మెదడు యొక్క వేగమును అణచు పదార్థము. ప్రతిదినము విస్తారముగా త్రాగువాని మెదడు ఆ అణచివేతను తట్టుకొనుటకై తన వేగమును తానే పెంచుకొనును. బరువైన బండిని ఎద్దులు బలముగా లాగుచుండగా కాడి తెగినచో అవి ముందునకు తూలిపడును గదా! మద్యము ఒక్కసారిగా ఆగినపుడు మెదడునకును అట్టి స్థితియే కలుగును.

మానిన తరువాత 6 మొదలు 24 గంటలలో చేతులు వణకును; చెమటలు పోయును; వాంతులు, గుండెదడ, నిద్రలేమి కలుగును. మొదటి 2 దినములలో కొందరికి మూర్ఛలు వచ్చును. 2 మొదలు 4 దినముల నడుమ మరికొందరికి తీవ్రమైన భ్రాంతి కలుగును. పగలో రాత్రియో తెలియదు. గోడలపై పురుగులు ప్రాకుచున్నట్లు కనబడును. కట్టుకొన్న భార్యను గూడ గుర్తింపలేరు. దీనిని వైద్యులు డెలిరియం ట్రెమెన్స్ అందురు. చికిత్స లేనిచో ప్రాణమునకే ముప్పు. ఇట్టివానిని చూచి గాలి సోకినదని భూతవైద్యుని పిలిపించుట, త్రాళ్లతో మంచమునకు కట్టివేయుట మన పల్లెలలో అప్పుడప్పుడు జరుగుచున్నది. ఆ గంటలు ఆసుపత్రికి చేరవలసిన గంటలు.

త్రాగువారందరికిని ఇట్లు జరుగదు. చాల కాలముగా, ఎక్కువగా త్రాగువారికిని, ఉదయము లేచినంతనే త్రాగనిదే చేతి వణకు తగ్గనివారికిని, మునుపు మానినపుడు మూర్ఛ వచ్చినవారికిని ఈ అపాయము హెచ్చు.

కల్తీ కల్లు విషయము ఇంకను కఠినమైనది. తెలంగాణమున కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలము, డయాజిపాము, క్లోరల్ హైడ్రేటు అను మత్తుమందులను కలిపి అమ్ముచుండిరి. 2015 సెప్టెంబరులో అధికారులు ఈ కల్తీని గట్టిగా అరికట్టగా, నిజామాబాదు, మహబూబునగరు మొదలగు జిల్లాలలో ఆ కల్లునకు అలవాటుపడినవారు మూర్ఛలతోను, మతిభ్రమతోను ఆసుపత్రులకు చేరిరి. 2020 మార్చిలో కరోనా వలన దుకాణములన్నియు ఒక్కమారుగా మూతపడినపుడు, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇట్టి రోగులే గుంపులుగా వచ్చిరి. కల్తీని అరికట్టుట తప్పని మేము చెప్పుట లేదు. త్రాగుడు ఆగు దినమునకు చికిత్స సిద్ధముగా ఉండవలెనని మాత్రమే మా మనవి.

ఆసుపత్రిలో ఏమి చేయుదురు?

ఎర్రగడ్డలోను, విశాఖపట్టణము చినవాల్తేరులోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. ప్రభుత్వ బోధనాసుపత్రులలోని మానసిక వైద్య విభాగములందును వ్యసనములకు చికిత్స లభించును. “పిచ్చాసుపత్రికి పోయినాడు” అను మాటకు వెరచి అనేకులు అచ్చటికి పోకున్నారు. ఆ మాటను రచ్చబండపై ఆపగలవారు సభ్యులే.

చికిత్సలో మొదటి మెట్టు ఒంటినుండి మత్తును సురక్షితముగా విడిపించుట. దీనినే డీటాక్స్ అందురు. ఎన్ని యేండ్లుగా, దినమునకు ఎంత త్రాగుచున్నారు, తుదిసారి ఎప్పుడు త్రాగినారు, మూర్ఛలు వచ్చినవా అని వైద్యుడు అడుగును. దాచక చెప్పుట రోగికే మేలు. క్లోర్‌డయాజిపాక్సైడు, డయాజిపాము, లోరాజిపాము వంటి మందులలో తగినదానిని ఇచ్చి, మెదడు నెమ్మదించిన కొలది దినదినమునకు తగ్గించుచు, సాధారణముగా వారము పదిదినములలో మాన్పింతురు. కాలేయము చెడినదేమోయని రక్తపరీక్ష చేయింతురు. మత్తుమందు కలిసిన కల్లునకు అలవాటుపడినవారికి ఈ తగ్గింపు కొన్ని వారములు పట్టవచ్చును.

ఇక్కడ సభ్యులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన సంగతి యొకటి. బహుకాలము త్రాగినవారి ఒంటిలో థయామిన్ అను బి-1 విటమిను లోపించును. ఆ లోపము వలన చూపు, నడక, జ్ఞాపకశక్తి చెడిపోవును. అందుచేత ఆసుపత్రిలో థయామిన్ సూదిమందును ముందుగా ఇత్తురు. నీరసముగా ఉన్నాడని ఊరిలోనే గ్లూకోజు సీసా ఎక్కించి ఊరకుండుట మేలు చేయక కీడు చేయవచ్చును.

రెండవ మెట్టు మరల త్రాగకుండుట. ఒళ్లు కుదుటపడిన మాత్రమున వ్యసనము పోదు. త్రాగవలెనను కోరికను తగ్గించుటకు నాల్‌ట్రెక్సోను, అకాంప్రోసేటు అను మందులు కలవు. డైసల్ఫిరాము అను మందు మరియొక విధమైనది. దానిని వాడుచు త్రాగినచో ముఖము ఎర్రబడి, వాంతులై, రక్తపుపోటు పడిపోవును. రోగి తెలిసి, ఒప్పుకొని, వైద్యుని అదుపులో వాడవలసిన మందు అది. భర్తకు తెలియకుండ పప్పులోనో పులుసులోనో కలిపిపెట్టుడని పొడులు అమ్మువారిని ఊరిలోనికి రానీయవలదు. తెలియక త్రాగినవాడు ప్రాణము పోగొట్టుకొనవచ్చును.

మందులతోపాటు రోగితోను, కుటుంబముతోను మాటాడి, కూలిడబ్బులు చేతికందిన సాయంకాలము, పండుగదినము, తోడి త్రాగుబోతుల పిలుపు మొదలగు సందర్భములను ఎట్లు దాటవలెనో నేర్పుదురు. కొందరు మరల త్రాగుదురు. అంతమాత్రమున చికిత్స వ్యర్థమైనదని తలపరాదు. మధుమేహము వలెనే ఇదియు దీర్ఘకాల వ్యాధి. మరల ఆసుపత్రికి పంపవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. మద్యము, మత్తుమందుల వలన కలుగు మానసిక స్థితులును దాని పరిధిలోనివే. రోగి తనంత తాను చేరుట మేలు. తానుగా నిర్ణయించుకొనలేని తీవ్రస్థితిలో, చట్టము నిర్దేశించిన పద్ధతిలో అతని ప్రతినిధి కోరికపై చేర్చుకొందురు. ఎవరినైనను గొలుసులతో కట్టుట ఈ చట్టము క్రింద నిషిద్ధము. వ్యసనము మాన్పింతుమని చెప్పి కొట్టుచు, కట్టివేయుచు ఉండు తావులకు గ్రామస్థులను పంపరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

కేంద్ర ప్రభుత్వ పక్షమున అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు జరిపి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారము, మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదైన చికిత్స లభించినది. తక్కిన 37 మంది మన ఊళ్లలోనే ఉన్నారు. వారికొరకు ఈ క్రింది పనులను సూచించుచున్నాము.

1. దుకాణము మూయించు తీర్మానము చేయునపుడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి తేదీ తెలియజేయవలెను.

2. అపాయము హెచ్చుగా ఉన్నవారిని ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ద్వారా ముందుగానే ఆసుపత్రికి పంపవలెను. వారి పేర్లను గ్రామసభలో చదువరాదు, గోడకు అంటింపరాదు.

3. మూర్ఛ, భ్రాంతి, జ్వరముతో కూడిన వణకు కనబడినచో వెంటనే 108 వాహనమును పిలువవలెను.

4. సలహాకై టెలిమానస్ సంఖ్య 14416నకు గాని, వ్యసన విముక్తి సహాయ సంఖ్య 14446నకు గాని ఫోను చేయవచ్చునని కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను.

5. చికిత్స పొంది వచ్చినవానికి తొలి నెలలలో పని దొరకునట్లు చూడవలెను. అతని కూలి మద్యపు దుకాణము ముందర చెల్లింపబడకుండ మేస్త్రీలకు చెప్పవలెను.

6. మహిళా సంఘముల సభ్యురాండ్రు ఆ యింటి ఇల్లాలిని వారమునకొకమారు పలుకరింపవలెను. త్రాగినవాని వ్యాధితో ఆమెయు, బిడ్డలును నలిగినవారే.

దూబగుంట స్త్రీలు తమ భర్తలపై ద్వేషముతో సారాను ఎదిరింపలేదు. తమ ఇండ్లు నిలువవలెనని ఎదిరించిరి. దుకాణమునకు తాళము వేయు దినముననే ఆసుపత్రికి దారి చూపినచో, ఆ మనుష్యులును ఇండ్లలో నిలుతురు. మీ తదుపరి సమావేశపు కార్యక్రమ పట్టికలో ఈ విషయమును చేర్చవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.