కలివికోడి: అన్వేషణ విధానము
జెర్డాన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుని మూలమున 1848లో శాస్త్రలోకమునకు తెలియవచ్చినదియు, 1900 తరువాత శాస్త్రజ్ఞులెవరి కంటను బడక లుప్తజాతిగా భావింపబడినదియు నగు కలివికోడి, 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల చెంత మరల కనుగొనబడెను. దాని సంరక్షణార్థమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

పరీక్షార్థులు ఈ సంవత్సరములను కంఠస్థము చేయుట అవసరమే. కాని, ప్రశ్నపత్రములలో అరుదుగా కనిపించునదైనను, ఆ పక్షిని వెదకిన విధమే నా దృష్టిలో అసలు విశేషము. అది నిశాచరి, మిక్కిలి బిడియము గలది. కావున పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, ఉదయమున వానిపై బడిన అడుగుజాడలను పరిశీలించియు, సంధ్యవేళ దాని కూత ధ్వనిముద్రణను వినిపించి ప్రత్యుత్తరమునకై చెవియొగ్గియు, స్వయంచాలిత కెమెరాలను అమర్చియు దాని ఉనికిని నిర్ధారించిరి. మరీ దట్టమును మరీ పలుచనయు గాని ముళ్లపొదల నేలయే దానికి అనుకూలమని ఇట్లు తేలినది. పొదలను నరికివేయుట దానికి చేటగుటకు కారణమిదియే.

తెలుగుగంగ కాలువ మార్గమును సైతము ఈ పక్షి నిమిత్తము మార్పవలసివచ్చెను. తెలిసినంతవరకు దీనిదిగా ధ్రువపడిన ఏకైక అండము స్కాట్లండునందలి అబర్డీన్ విశ్వవిద్యాలయ సంగ్రహాలయమున బయల్పడి, డీఎన్‌ఏ పరీక్షచే గుర్తింపబడినది.