తూనీగ – గబ్బిలం: దోమలను తినే రెండు ప్రాణులు

మన గోదావరి డెల్టాలో బోదకాలు ఎంతోకాలంగా ఉన్న వ్యాధి. దీనిని వ్యాపింపజేసేది క్యూలెక్స్ దోమ. మలేరియాకు అనాఫిలిస్, డెంగ్యూకు ఏడిస్ దోమలు కారణం. ఈ దోమలను తినే ప్రాణులు మన చుట్టూనే ఉన్నాయి. వాటిలో రెండింటిని పోల్చి చూద్దాం.

తూనీగ

వానాకాలంలో వరిచేల మీద గుంపులుగా ఎగిరే పసుపు రంగు తూనీగ శాస్త్రీయ నామం పాంటాలా ఫ్లావెసెన్స్. ఇది కీటకం. ఆరు కాళ్లు, నాలుగు రెక్కలు ఉంటాయి. పెద్ద కళ్లతో చూసి పగటిపూట వేటాడుతుంది. నీటిలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు నీటిలోనే పెరుగుతూ దోమ పిల్లలను తింటాయి. రెక్కలు వచ్చాక ఎగిరే దోమలను పట్టుకుంటుంది.

గబ్బిలం

ఇంటి చూరుల్లో, గోడ సందుల్లో ఉండే చిన్న గబ్బిలం పేరు పిపిస్ట్రెల్లస్ కోరోమాండ్రా. ఇది పక్షి కాదు. మనలాగే పిల్లలను కని పాలిచ్చే జంతువు. వేళ్ల మధ్య సాగిన చర్మమే దాని రెక్క. గబ్బిలం గుడ్డిదనుకోవడం పొరపాటు. చీకటిపడగానే బయలుదేరి, మన చెవికి అందని శబ్దం చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి పురుగులను పట్టుకుంటుంది.

మరి దోమలు ఎందుకు తగ్గవు?

తూనీగ పిల్ల పెరగడానికి నెలకు పైగా పడుతుంది. తొట్టి నీటిలో ఏడిస్ గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. క్యూలెక్స్ పెరిగే మురుగుకాలువలో తూనీగ పిల్లలు బతకడం కష్టం. గబ్బిలమేమో కనబడిన పురుగునల్లా తింటుంది, దోమలనే ఏరి తినదు. కాబట్టి చేలల్లో వాటి సాయం ఉన్నా, ఇంటి దగ్గర పని మనదే.

మనం చేయవలసినవి

1. వారానికొకసారి తొట్లు, కుండలు ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టండి. మూతలు పెట్టండి.
2. మురుగు నిలవనీయకండి. దోమతెర కట్టుకోండి.
3. ప్రభుత్వం బోదకాలు మాత్రలు పంచినప్పుడు సిబ్బంది చెప్పినట్లు మింగండి.
4. పిల్లలను తూనీగలకు దారం కట్టి ఆడనివ్వకండి. గబ్బిలాలను చంపకండి, ఒట్టి చేతులతో ముట్టుకోకండి. కరిచినా, గీరినా 15 నిమిషాలు సబ్బునీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి రండి.
5. 2018లో కేరళలో వచ్చిన నిపా వైరస్ పండ్లు తినే పెద్ద గబ్బిలాలలో ఉంటుంది. కొరికిన పండ్లు ఎవరూ తినకూడదు.