మెదడును కాచే పొరలు

శబరి ఒడ్డున, తూర్పు కనుమల అడవుల నడుమ ఉన్న చింతూరు ప్రాంతంలో వానకాలం రాగానే మలేరియా జ్వరాలు తలెత్తుతాయి. వాటిలో ఫాల్సిపారం అనే పరాన్నజీవి తెచ్చే జ్వరం అతి ప్రమాదకరమైనది. చలితో మొదలై, కొద్ది రోజులలోనే రోగిని స్పృహలేని స్థితికి చేర్చగలదు. ఎముకల పెట్టెలో పదిలంగా ఉన్న మెదడుకు ఈ ఆపద ఎట్లా వస్తున్నది?

పుర్రె లోపల మెదడును మూడు పొరలు కప్పి ఉంటాయి. వెలుపలిది వరాశిక. 'వరాశి' అంటే ముతకబట్ట అని అమరకోశం చెబుతున్నది. ఆ పొర నిజంగానే దళసరిది, గట్టిది. నడిమిది లౌతికళ. 'లూత' అంటే సాలెపురుగు. ఈ పొర నుండి లోపలికి సాగే సన్నని పోగులు సాలెగూటిని తలపిస్తాయి. లోపలిది మృద్వి. ఇది మెదడు మడతలన్నింటిలోకీ దిగి అంటుకొని ఉంటుంది. పాశ్చాత్యులు మొదటి, మూడవ పొరలను 'తల్లి' అని అర్థమిచ్చే లాటిన్ మాటతో పిలుస్తారు. అరబ్బీ వైద్యగ్రంథాల నుండి అనువాదమై వచ్చిన పేరది. తెలుగు పరిభాష తల్లిని విడిచి బట్టను గ్రహించింది. చూపుకు ఆనేది అదే కదా!

లౌతికళకూ మృద్వికీ మధ్య మస్తిష్కమేరుద్రవం ఉంటుంది. వెన్నుపాము చుట్టూ ఉన్నదానితో కలిపి అది సుమారు 150 మిల్లీలీటర్లు. మెదడు అందులో తేలుతూ కుదుపులను తట్టుకొంటుంది.

శరీరపు బరువులో మెదడు నూటికి 2 వంతులే. అయినా గుండె పంపే రక్తంలో సుమారు 15 వంతులు అక్కడికే పోతుంది. వచ్చిన రక్తం వచ్చినంత వేగంగా వెళ్ళిపోవాలి. మెదడు సిరలు లౌతికళను దాటి, వరాశిక మడతల నడుమ ఉన్న కాలువల వంటి మార్గాలలో కలుస్తాయి. వాటిలో పెద్దది నడినెత్తి కింద నుదుటి నుండి వెనుకకు సాగుతుంది. అక్కడి నుండి రక్తం కుడి ఎడమల మార్గాలలో ప్రవహించి మెడ సిరలలోకి దిగుతుంది. మస్తిష్కమేరుద్రవంలో చాలా భాగం కూడా ఈ కాలువలలోకే ఇంకుతుంది.

గోదావరి పోటెత్తినప్పుడు శబరి కూనవరం వద్ద ముందుకు సాగలేక ఎగదన్నుతుంది. చింతూరు పల్లెలు మునుగుతాయి. మెదడులో జరిగేదీ ఇటువంటిదే. ఫాల్సిపారం సోకిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాల, చిన్న సిరల గోడలకు అతుక్కొని దారిని మూస్తాయి. వెనుక రక్తం నిలుస్తుంది, మెదడు ఉబ్బుతుంది. నీరు పల్లెలపైకి పరచుకోగలదు గాని, ఉబ్బిన మెదడుకు చోటు లేదు. ఎముక సాగదు, వరాశిక సాగదు. కాచిన కవచమే అప్పుడు బిగిసిన పిడికిలి అవుతుంది. ఆ ఒత్తిడి మెదడు కాండంపై పడితే శ్వాస ఆగుతుంది. ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఈ వ్యాధితో మరణించిన పిల్లలలో అత్యధికులకు మెదడు తీవ్రంగా ఉబ్బి ఉన్నదని 2015లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

పొరలకే వాపు వచ్చే జ్వరంలోనూ స్పృహ తప్పవచ్చు. అయితే అందులో సాధారణంగా మెడ బిగుసుకొంటుంది. సందేహం తీరడానికి వైద్యులు నడుము దిగువన సూదితో ద్రవం తీసి పరీక్షిస్తారు. అది ఆసుపత్రిలో జరిగే పని. మలేరియా పరీక్షకు వేలికొస నుండి తీసిన ఒక్క రక్తపు చుక్క చాలు. దారిలేని గూడెంలో, రోగిని డోలీకి ఎత్తక మునుపే, ఇరవై నిమిషాలలో ఫలితం తేలుతుంది.