తల నిలిస్తేనే ముఖం
కేక్ సందేహాలు – సమాధానాలు

మా బాబు పుట్టినరోజుకు డోరేమాన్ తల కేక్ కావాలంటున్నాడు. గుండ్రంగా రావడానికి వేరే అచ్చు కొనాలా? మామూలు స్పాంజి కేక్‌ను చెక్కితే పొడిపొడిగా రాలిపోతోంది.
– ఓ తల్లి, తెనాలి

మొదటిసారి చేసేవారికి డోరేమాన్‌ను మించిన కార్టూన్ పాత్ర లేదండీ. చెవులు లేవు, జుట్టు లేదు, తల అచ్చంగా బంతి. అచ్చు కొననక్కర్లేదు. ఓవెన్ వేడికి తట్టుకునే, 15 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి స్టీలు గిన్నెలు రెండు చాలు.

మెత్తటి స్పాంజి ఈ పనికి ఆగదు. వెన్న కేక్ చేయండి. మైదా, వెన్న, పంచదార తలా 250 గ్రాములు, గుడ్లు 5, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు. గిన్నెలకు వెన్న రాసి, మైదా చల్లి, మూడింట రెండు వంతుల వరకే పిండి పోయండి. 160 డిగ్రీల దగ్గర 50 నిమిషాల నుంచి గంట పడుతుంది. గిన్నె లోతుగా ఉంటుంది కాబట్టి సెగ పెంచితే పైన మాడి, నడుమ పచ్చిగా మిగులుతుంది. పుల్ల గుచ్చి చూసి దించండి. పూర్తిగా ఆరాక చుట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లబడిన కేకే కత్తికి లొంగుతుంది.

రెండు సగాలూ అతికించాక కింది సగం నలిగిపోయి, తల ఒక పక్కకు ఒరిగింది. ఎలా నిలబెట్టాలి?
– ఓ పాఠకురాలు, వరంగల్

పై సగం బరువు కింది కేక్ మీద పడకూడదు. ముందుగా కింది సగం అడుగును 8 సెంటీమీటర్ల వెడల్పున చదునుగా కోసి, గనాష్‌తో (చాక్లెట్, క్రీమ్ మిశ్రమం) బోర్డుకు అతికించండి. మధ్య భాగంలో నాలుగు లావుపాటి స్ట్రాలను అడుగుదాకా గుచ్చి, కేక్ పైభాగానికి సమంగా కత్తిరించండి. వాటి మీద కేక్ కంటే కాస్త చిన్నదైన పలుచటి కేక్ బోర్డు, ఆపైన రెండో సగం. ఇప్పుడు బరువంతా స్ట్రాలు మోస్తాయి.

కోసేటప్పుడు పై సగాన్ని బోర్డుతో సహా దించి ముక్కలు చేయండి, తర్వాత స్ట్రాలు లెక్కపెట్టి తీసేయండి. పిల్లలు తినే కేక్‌లో టూత్‌పిక్‌లు అసలు వాడవద్దు. కత్తిని తల వెనక వైపు నుంచి మొదలుపెట్టండి. ఇష్టమైన ముఖాన్ని మొదటే కోస్తే ఏడ్చే పిల్లలుంటారు.

కేక్ మీద కప్పే ఫాండెంట్ (పంచదార ముద్ద) మడతలు పడుతోంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమట పట్టి జిగురవుతోంది.
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

రెండు భాగాల డార్క్ చాక్లెట్‌కు ఒక భాగం క్రీమ్‌తో గనాష్ చేసి, తలంతా నున్నగా పూసి గట్టిపడనివ్వండి. ఎండాకాలమైతే చాక్లెట్ ఇంకాస్త పెంచండి. ఫాండెంట్‌ను 4 మిల్లీమీటర్ల మందాన, 45 సెంటీమీటర్ల వెడల్పు వృత్తంగా ఒత్తండి. ఇందుకు సుమారు కిలో కావాలి. నడినెత్తి నుంచి కిందికి అరచేత్తో నిమురుతూ, మడతలన్నీ వెనక్కి, అడుక్కి తోసి కత్తిరించండి. డోరేమాన్ మెడలోని ఎర్రటి పట్టీ అడుగున కత్తిరించిన అంచును కప్పేస్తుంది.

సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ. కేక్‌ను అట్టపెట్టెలో మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా పెట్టె తెరవవద్దు. తేమ పెట్టె మీదే పడుతుంది. అయినా కేక్ చెమ్మగిల్లితే ముట్టుకోకుండా ఫ్యాను కింద ఆరనివ్వండి.

అంతా బాగానే వచ్చింది, కానీ ముఖం డోరేమాన్‌లా లేదు. మా పాప "ఇదెవరు?" అంది.
– ఓ అమ్మమ్మ, హైదరాబాద్

పోలిక కొలతల్లో ఉంటుందమ్మా. అతని కళ్లు నిలువు గుడ్డు ఆకారంలో, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటిని ఎడంగా పెడితే ఏదో పిల్లి అవుతుందే తప్ప డోరేమాన్ కాదు. కళ్ల కిందే ఎర్రటి ముక్కు, దాని నుంచి నోటిదాకా నిలువు గీత, ఇరువైపులా మూడేసి మీసాలు. ముందుగా కాగితం మీద అసలు సైజులో గీసి, ముఖానికి ఆనించి, శుభ్రమైన సూదితో గుర్తులు పెట్టుకోండి. మీసాలను నల్లటి ఫాండెంట్ తీగలతో అతికించండి. నీలం కోసం జెల్ రంగు కొద్దికొద్దిగా కలిపి కాసేపు ఆగండి. నిలవ ఉన్నకొద్దీ రంగు ముదురుతుంది.

మేం గుడ్లు తినం. పైగా ఉద్యోగం. ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?
– ఓ పాఠకురాలు, తిరుపతి

కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసే కేక్ సరిపోతుంది. అది కొంచెం పెళుసు కాబట్టి బాగా చల్లార్చి, తక్కువగా చెక్కండి. కొన్ని ఫాండెంట్లలో జెలటిన్ ఉంటుంది, ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసి కొనండి.

రెండు రోజుల ముందు సాయంత్రం కేక్ కాల్చండి. ముందురోజు ఉదయం తల నిలబెట్టి గనాష్ పూయండి, రాత్రికి ఫాండెంట్ తొడిగి ముఖం పెట్టండి. సమయం చాలకపోతే అలంకరణ తగ్గించుకోండి, ఆరబెట్టే సమయం మాత్రం తగ్గించవద్దు. తల గుండ్రంగా, గట్టిగా నిలిచి, కళ్లు, ముక్కు వాటి చోట ఉంటే పిల్లలు తమ డోరేమాన్‌ను ఇట్టే గుర్తుపడతారు.