ఆకొన్న మెదడు, నిలువని పాఠము

ప్రశ్న: మా అమ్మాయికి పదునేడేండ్లు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరము చదువుచున్నది. లావైపోవుదునన్న భయముతో ఏడాదిగా అన్నము తగ్గించుచు వచ్చి, 52 కిలోల నుండి 37 కిలోలకు దిగినది. బహిష్టులు నిలిచిపోయినవి. అనొరెక్సియా నెర్వోసా అని వైద్యులు చెప్పిరి. ఒక్కసారి చదివి పాఠము అప్పగించెడి పిల్ల, ఇప్పుడు నాలుగుమార్లు చదివినను నిలుపుకొనలేకున్నది. మెదడు చెడిపోయినదా? పరీక్షలు ముగియువరకు వైద్యము వాయిదా వేయవచ్చునా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, రెండవ ప్రశ్నకే ముందుగా బదులు చెప్పెదను: వాయిదా వేయరాదు, ఒక్క వారమైనను వేయరాదు.

దేహభారములో నూటికి రెండు పాళ్లు మాత్రమే తూగు మెదడు, విశ్రాంతివేళ దేహము వ్యయించు శక్తిలో ఇంచుమించు ఐదవ వంతును తానొక్కటియే గ్రహించుచుండును గనుక, నెలల తరబడి అన్నము చాలని దేహములో దానికిని కొరత తప్పదు. ధూసరపదార్థము పలుచబడి, లోపలి ద్రవకోశములు వెడల్పగుట స్కానింగులలో కనిపించును. అయితే జ్ఞాపకము పోయినదని మీరు భయపడుచున్న దానిలో అధికభాగము, నేను చూచిన రోగులను బట్టి చెప్పవలెనన్న, జ్ఞాపకలోపము కాదు, అవధానలోపము: పాఠము లోనికి ప్రవేశింపబోవు ద్వారమునందే అన్నమును గూర్చిన తలంపులు గుమిగూడి దానికి దారి నీయకున్నవి.

ఇది ఆకలి చేయు పనియే యనుటకు ప్రబలమైన నిదర్శనము కలదు. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున యాన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, యుద్ధమున ఆయుధము పట్టనొల్లక స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులపై పరిశోధన ప్రారంభించి, తరువాత 24 వారములు వారికి సగము ఆహారమే యిడగా, ఏ మనోవ్యాధియు లేని ఆ యువకులు వంటపుస్తకములు సేకరించిరి, భోజనమునే కలలు గనిరి, చదువుపై మనసు నిలువదని మొరపెట్టుకొనిరి. అయినను బుద్ధిపరీక్షలలో వారి శక్తి చెప్పుకోదగినంతగా తగ్గలేదు. మీ అమ్మాయియు ఇంటిల్లిపాదికి ప్రీతితో వండిపెట్టి తాను ముట్టకుండుట మీరు చూచియుందురు. 1873లో లండనులో విలియం గల్ ఈ వ్యాధికి పెట్టిన పేరునకు ఆకలి లేకపోవుట యని యర్థము గాని, ఆకలి ఆ బిడ్డకు లేకపోలేదు. దానిని అణచుటలోనే ఆమె శక్తియంతయు హరించిపోవుచున్నది. ఒకే నియమమును పట్టుకొని వదలలేకపోవుటయు ఈ వ్యాధి లక్షణమే. దానిని మొండితనమని మందలింపకుడు.

మెదడు చెడిపోలేదు. తగిన బరువు తిరిగి వచ్చినకొలది తరిగిన ధూసరపదార్థము చాలవరకు మరల పెరుగుట పలువురిలో చూచితిమి. అవధానము మాత్రము బరువు కంటె కొంత ఆలస్యముగా కోలుకొనును, ఓపిక పట్టవలెను.

కాని ప్రేమకొలది ఒక్కసారిగా కడుపునిండ పెట్టకుడు. ఇంత చిక్కిన దేహమునకు ఆహారము హఠాత్తుగా హెచ్చించిన, రక్తములో ఫాస్ఫేటు పడిపోయి గుండెకు ప్రాణాపాయము కలుగవచ్చును. థయామిన్ విటమిను లోపించియుండగా అట్లు చేసిన, జ్ఞాపకమునకు నిజముగనే శాశ్వతహాని వాటిల్లవచ్చును. కావున ఆసుపత్రిలో రక్తపరీక్షలు, ఇ.సి.జి. చేయించి, వైద్యుని పర్యవేక్షణలోనే మోతాదు పెంచవలెను. సొమ్మసిల్లినను, నాడి మందగించినను రాత్రియని చూడక తీసికొనిపొండు. ఇంటికి వచ్చిన పిమ్మట, బరువును గూర్చి వాదింపక, ప్రతిపూటయు ఎవరో ఒకరు ఆమె ప్రక్కన కూర్చుండి తినుడు. పరీక్షలు మరుసటి ఏడు వ్రాయవచ్చును.