నల్లరేగడి సీమ రైతు సంఘాలు

విరుదునగర్ నుండి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి పోయే దారికి ఇరువైపులా నల్లరేగడి నేల పరచుకొని ఉన్నది. తమిళులు దీనిని 'కరిసల్' అంటారు. జీవనదులు లేని ఈ సీమకు ఈశాన్య ఋతుపవనాలే దిక్కు. పురట్టాసి నెలలో విత్తి, ఐప్పసి వానల కొరకు ఆకాశం వైపు చూడడం ఇక్కడి రైతుకు అలవాటు. మినుము, పెసర, ప్రత్తి, జొన్న, సజ్జ, మొక్కజొన్న, మిరప ఇక్కడి పంటలు. ఈ పల్లెలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా సేద్యం చేస్తున్నవి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. ఇక్కడికి వలస వచ్చిన తెలుగువారి జీవితాన్ని ఆయన తమిళ నవలలుగా వ్రాసి, 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందారు.

ఈ నేలపై ఒంటరి రైతు పాట్లు ఎట్టివో చూద్దాం. అతడు విత్తనాలు చిల్లరగా కొంటాడు, కనుక ఎక్కువ ధర ఇస్తాడు. పండిన మినుములు నాలుగు బస్తాలే కనుక ఊరికి వచ్చిన వ్యాపారికి అక్కడే అమ్ముతాడు. తూకం వ్యాపారిదే, ధర వ్యాపారిదే. పైగా విత్తే నాడు అదే వ్యాపారి వద్ద అప్పు తీసుకొని ఉంటే నోరెత్తి బేరమాడే వీలు కూడా లేదు. తన వంటివారు పక్క ఊళ్ళలో వేలమంది ఉన్నారని తెలిసినా, వారితో కలిసే చోటు లేకపోతే ఆ తెలివిడి వలన ప్రయోజనం లేదు.

రైతులు కలిసే చోటు ఏర్పరచినవారిలో సి. నారాయణస్వామి నాయుడు ముఖ్యులు. ఆయన 1925లో కోయంబత్తూరు దగ్గరి వైయంపాళయంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. 1970లో బావుల మోటార్లకు వాడే విద్యుత్తు ధరను ప్రభుత్వం యూనిట్టుకు 8 పైసల నుండి 10 పైసలకు పెంచింది. రెండు పైసలే గదా అని పట్టణవాసికి తోచవచ్చు. రాత్రింబవళ్ళు మోటారు నడిస్తేనే పైరు బ్రతికే మెట్ట ప్రాంతంలో అది పెద్ద భారం. రైతులు ఉద్యమించారు, ఒక పైసా తగ్గింది. 1972లో ధర మరల పెరగగా వేలాది ఎడ్లబండ్లు కోయంబత్తూరు వీధులలో వచ్చి నిలిచాయి. ఆ పోరాటాలు రక్తపాతం లేకుండా సాగలేదు. పోలీసు కాల్పులలో రైతులు ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతిగా రైతులు జూలై 5వ తేదీని నేటికీ పాటిస్తున్నారు.

తరువాత సంఘం రాష్ట్రమంతటా వ్యాపించి 'తమిళగ వివసాయిగళ్ సంగమ్'గా పేరొందింది. ఆకుపచ్చ తుండు దాని గుర్తు. 1984లో చిన్నరైతులకు, 1990లో రైతులందరికీ ఉచిత విద్యుత్తు లభించింది. రెండవది నారాయణస్వామి నాయుడు చూడలేదు. ఎన్నికల ప్రచారానికి వచ్చి, 1984 డిసెంబరు 21న ఆయన కోవిల్‌పట్టిలోనే కన్నుమూశారు.

అయితే ఉచిత విద్యుత్తు బావి ఉన్నవారికే మేలు చేసింది. వాననే నమ్ముకొన్న కరిసల్ రైతుకు కావలసినవి వేరు; అందులో పంటల బీమా ఒకటి. 2016లో మొదలైన ప్రధానమంత్రి పంటల బీమా పథకంలో ఎంపిక చేసిన పొలాలలో పంట కోసి, తూచి, ఆ ప్రాంతపు సగటు దిగుబడిని లెక్కిస్తారు. ఆ సగటు తప్పుగా పడితే నష్టపోయిన వారందరికీ పరిహారం తప్పుతుంది. కోత ఎప్పుడు, ఎవరి పొలంలో అని అడిగి తెలుసుకొని, తూచేటప్పుడు దగ్గర నిలబడడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కలెక్టరు కార్యాలయంలో నెలనెలా జరిగే రైతుల సమస్యల సమావేశంలో కూడా పది గ్రామాల పక్షాన లేచిన గొంతుకు దొరికే జవాబు వేరుగా ఉంటుంది.

హక్కులు అడిగే సంఘం ఒక తీరు, కలిసి వ్యాపారం చేసే సంఘం మరొక తీరు. రెండవ దానికి పునాది మన రాష్ట్రంలో 1904లోనే పడింది. ఇప్పటి తిరువళ్ళూరు జిల్లాలోని తిరూరులో రైతుల సహకార పరపతి సంఘం ఆ ఏడే ఏర్పడింది. దేశంలో 2002లో చట్టాన్ని సవరించి రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు చోటు కల్పించారు. పదిమంది ఉత్పత్తిదారులు చేరి అట్టి కంపెనీని స్థాపించవచ్చు. 2020లో కేంద్ర ప్రభుత్వం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థలను ఏర్పరచే పథకాన్ని ప్రారంభించింది.

రైతులే సభ్యులుగా గల కంపెనీలో వంద వాటాలున్నా, ఒక్క వాటా ఉన్నా సభ్యునికి ఒక్కటే ఓటు. మిగులును వాటాలను బట్టియే గాక, ఎవరు ఎంత సరుకు సంస్థ ద్వారా అమ్మారో, కొన్నారో చూసి కూడా పంచుతారు. మూడువందల మంది మినుములు ఒకచోట చేరితే వాటిని జల్లెడపట్టి, గ్రేడు చేసి, లారీకెత్తి, పప్పుల వ్యాపారానికి పేరొందిన విరుదునగర్‌కు పంపవచ్చు. ధర నచ్చకపోతే క్రమబద్ధ మార్కెట్టు గిడ్డంగిలో నిలువచేసి, ఆ సరుకు మీద అప్పు తీసుకొని, మంచి ధర వచ్చేదాకా ఆగవచ్చు. ఆగగలగడమే రైతుకు అన్నిటికంటె పెద్ద లాభం. కోత నాటి ధరకు అమ్మి, అప్పు తీర్చి, తరువాత పెరిగిన ధరను చూసి బాధపడిన ఇండ్లు ఈ సీమలో తక్కువ కాదు.

ఇంత మేలు ఉన్నా కొన్ని సంస్థలు రెండు మూడేండ్లకే నీరసపడతాయి. వ్యాపారి కిలోకు ఒక రూపాయి ఎక్కువ ఇస్తానంటే సభ్యులు సరుకును అతనికే పోస్తారు. సంస్థ కుదుర్చుకొన్న లారీ సగం ఖాళీగా పోతుంది. వచ్చే సంవత్సరం సంస్థ మూతపడితే ఆ రూపాయి ఎక్కువిచ్చిన వ్యాపారి ధర తగ్గిస్తాడు. పొలం పట్టా భర్త పేర ఉన్నదని, కలుపు తీసి, ప్రత్తి ఏరే స్త్రీలను సభ్యులుగా చేర్చుకోకపోవడం మరొక లోపం. చట్టం అడిగేది ఉత్పత్తిదారు కావడమే.

సంఘంలో చేరేవారు చందా రసీదును భద్రపరచుకోవాలి, సర్వసభ్య సమావేశానికి తప్పక పోవాలి. అక్కడ జమాఖర్చులు చదివి వినిపిస్తారు. అర్థం కాని పద్దును అడిగే హక్కు ప్రతి సభ్యునికీ ఉన్నది. కరిసల్ పల్లెలలో ఈ లెక్కలు తమిళంలో అచ్చవుతాయి. చదువు రాని తాతకు, అవ్వకు ఆ కాగితాన్ని చదివి, ఇంటి తెలుగులో విడమరచి చెప్పే పని బడికి పోయే పిల్లలు చేయవచ్చు.