నూలు చొక్కా సంగతి

ఆలూరు

మల్లికార్జునా,

సిమెంటు ఫ్యాక్టరీలో ప్రీహీటర్ మీద ట్రైనీ డ్యూటీ పడిందని రాసినావు, సంతోషం. అయితే మీ అమ్మ ఫోన్లో నీ ఫోటో చూపించినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. నెత్తిన హెల్మెట్ ఉంది, కాళ్లకు బూట్లున్నాయి. ఒంటి మీద ఆ నిగనిగలాడే పాలిస్టర్ టీషర్టు ఏంది నాయనా?

నవ్వొద్దు. ప్రీహీటర్ కింది సైక్లోన్ నుంచి కిల్న్‌లోకి దిగే రాతిపొడి 800 డిగ్రీలు దాటి ఉంటుంది. పేరుకే పొడి, నీళ్ల మాదిరి పారుతుంది. సైక్లోన్ జామైనప్పుడు గొట్టంతో పొడిచినారంటే పైన నిలబడిన సరుకంతా ఒక్కసారిగా కూలి, సందు దొరికిన చోటల్లా ఎగజిమ్ముతుంది. నూలు గుడ్డ మాడుతుందే గాని కరగదు. పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నాతో పనిచేసిన హెల్పరు ఒకాయన వీపు నుంచి ఆ గుడ్డ ముక్కలు ఊడదీస్తా ఉంటే ఆస్పత్రిలో పక్కనే నిలబడినోణ్ని. ఏ ఫ్యాక్టరీలోనో నీకెందుకులే.

బనీను, సాక్సు కూడా నూలువే వేసుకో. ఎండ అని చొక్కా చేతులు మడవొద్దు. ప్యాంటు బూటులోకి దోపొద్దు, బూటు మీదికి జారి ఉండాల, లేకుంటే పొడి పోయి బూటులో కూర్చుంటుంది. మెరిసే హీట్ సూటు ఇస్తారు గదా అంటావు. సూటు లోపల కూడా నూలే ఉండాల. నల్లరేగట్లో పత్తి పండించి ఆదోని మార్కెట్లో అమ్ముకున్న ఇంట్లో పుట్టి, పాలిస్టర్ తొడుక్కొని నిప్పు కాడికి పోతావా?

సరే, పని విషయం. పొడిచే ముందు ఫీడు ఆపినామని కంట్రోల్ రూమోళ్ల నోటితోనే విను. ఎయిర్ బ్లాస్టర్లు ఆపి తాళం వేసినారా, కింది అంతస్తుల్లో మనుషులున్నారా, కళ్లతో చూసుకో. ఒకసారికి ఒక్క రంధ్రమే తెరవాల. వెనక్కి పరుగెత్తే దారి ముందే చూసి పెట్టుకో. నీ సీనియరు తొందర పెడితే పెట్టనీ.

అసలు జామును ముందే పసిగట్టడమే పనితనం. సైక్లోన్ కోను దగ్గర డ్రాఫ్టు సున్నా వైపు పోతా, కింది పైపు వేడి పడిపోతా ఉంటే సరుకు దిగడం లేదని అర్థం. స్క్రీన్‌ను నమ్ముకొని కూర్చోకుండా మెట్లెక్కి ఫ్లాప్ వాల్వు కాడికి పో. బరువు కట్టిన ఇనుప చెయ్యి టకటకా ఊగుతా ఉంటే సరుకు దిగుతా ఉన్నట్టు. ఊగకుండా ఆగిపోయిందా, వెంటనే వాకీటాకీ తియ్.

నా ఉద్యోగం కొత్తలో మాకు ఈ ప్రీహీటర్ ఎక్కడిది! నేను చేరింది తడి పద్ధతి ఫ్యాక్టరీ. సున్నపురాయిని నీళ్లతో బురద చేసి పొడవాటి కిల్న్‌లోకి వదిలేవాళ్లు. ఆ నీళ్లు ఆవిరి చెయ్యడానికే బోలెడు బొగ్గు తగలబడేది, అందుకే ఆ పద్ధతి పోయింది. మా బర్నర్ మేస్త్రీ నీలం అద్దంలోంచి మంట చూసి లోపల 1450 డిగ్రీలు ఉందో లేదో చెప్పేవాడు. ఆ అద్దం నాకివ్వమంటే ఇచ్చేవాడు కాదు, ముందు లీటరు తూకం నేర్చుకో పో అనేవాడు. జల్లెడ పట్టిన క్లింకర్‌ను లీటరు డబ్బాలో పోసి, పైన బద్దతో చదును చేసి తూచేది. 1200 గ్రాముల దగ్గర తూగితే మేస్త్రీ మీసం నవ్వేది. తేలికగా ఉంటే సరిగా కాలలేదు, సున్నం మిగిలిపోయింది. మరీ బరువుంటే ఎక్కువ కాలింది, మిల్లులో నలగదు. మీకిప్పుడు ల్యాబులో ఎక్స్‌రే మిషన్లున్నాయి. అయినా ఒకసారి నీ చేత్తో తూచి చూడు.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, తాడిపత్రి... సున్నపురాయి ఉన్నంత దూరం సిమెంటు ఫ్యాక్టరీలే. మన పక్క పిల్లోళ్లు సుగ్గికని గుంటూరు మిరప చేన్లకు వలస పోతా ఉంటే, నీకు ఇంటికి ఒక పూట ప్రయాణంలో పని దొరికింది. మీ జేజి ఊరంతా చెప్పుకుంటా ఉంది. నైట్ షిఫ్టులో టీ నీళ్లతో కడుపు నింపుకుంటున్నావంట, అట్ల వద్దురా. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పంపిస్తా ఉన్నాం.

ఆదోనిలో మందపు నూలు గుడ్డ తెచ్చినాను, మూడు చొక్కాలకు సరిపోతుంది. ఛాతీ కొలత, చేతుల పొడవు రాయి. లూజుగానే కుట్టిస్తా, అలగొద్దు.

దసరాకు సెలవు దొరికితే రా. దేవరగట్టు బన్ని చూసేదానికి పోదాం గాని, కొట్టుకునే కర్రల మధ్యకు దూరేది లేదు, నాతో గట్టు మీదే నిలబడాల.

మీ పెద్దనాయన